2,14,74,83,647: ఒక ప్రధాన సంఖ్య సింహావలోకనం

ముప్పై ఒక్క రెళ్లను వరసగా గుణించి, వచ్చినదానిలోంచి ఒకటి తీసేస్తే 2,14,74,83,647 వస్తుంది. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. గణితజ్ఞులు దీన్ని క్లుప్తంగా 2³¹ – 1 అని రాస్తారు. ఇది ప్రధాన సంఖ్య. ఒకటి, తాను తప్ప దీనికి వేరే కారణాంకం లేదు. ఈ ఒక్క మాట రుజువు కావడానికి యూక్లిడ్ కాలం నుంచి లెక్కిస్తే ఇరవై శతాబ్దాలు పట్టింది. రుజువైన తర్వాత మరో రెండు వందల ఏళ్లు అది పండితుల గ్రంథాల్లోనే ఉండిపోయింది. కంప్యూటర్లు వచ్చాక మాత్రం ఇంటింటికీ చేరింది, పేరు తెలియకుండానే మన జేబుల్లో కూర్చుంది. ఒక సంఖ్యను ఇన్ని తరాలు చేతులు మార్చుకుంటూ మోసుకొచ్చిన తీరు తలుచుకుంటే మనిషి మేధ మీద గౌరవం పెరుగుతుంది.

ఇనుమడింపు లెక్క మన దేశంలో ఛందస్సును ఆశ్రయించి పెరిగింది. పద్యపాదంలో ప్రతి అక్షరమూ గురువో లఘువో అవుతుంది కాబట్టి, ఒక్కో అక్షరం పెరిగినకొద్దీ వృత్తాల సంఖ్య రెట్టింపవుతూ పోతుంది. ఇరవై ఆరో ఛందమైన ఉత్కృతిలో 6,71,08,864 వృత్తాలు పుడతాయన్న సంగతి ఛందశ్శాస్త్రం చదువుకున్న తెలుగువారికి కొత్త కాదు. అది రెండుకు ఇరవై ఆరో ఘాతం. అంత పెద్ద ఘాతాన్ని ఒక్కొక్క మెట్టే ఎక్కకుండా రాబట్టే ఉపాయాన్ని పింగళుడు తన ఛందస్సూత్రాల్లో చెప్పాడు. పదో శతాబ్దంలో హలాయుధుడు దాన్ని వ్యాఖ్యానించాడు. సరి సంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసేయాలి. అలా సున్నాకు చేరాక వచ్చిన దారినే వెనక్కి నడుస్తూ, ఒకటి తీసినచోట రెట్టింపు, సగం చేసినచోట వర్గం చేయాలి. 31కి ఈ సూత్రం పట్టిస్తే ఐదు రెట్టింపులు, నాలుగు వర్గాలు, మొత్తం తొమ్మిది అడుగుల్లో 2,14,74,83,648 చేతికొస్తుంది. మన సంఖ్యకు అది సరిగ్గా పై మెట్టు. నేటి కంప్యూటర్లు పెద్ద ఘాతాలు కట్టేదీ ఈ కోవలోనే.

పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట ఒక పద్యం ప్రసిద్ధం. చదరంగపు మొదటి గడిలో ఒకటి, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లకూ కలిపి ఎంతవుతుందో, ఆ ఇరవై అంకెల మొత్తాన్ని భూతసంఖ్యలతో, అంటే అంకెలకు బదులు వాటిని సూచించే పదాలతో, చెబుతుంది ఆ పద్యం. అదే లెక్కను ముప్పై ఒకటో గడి దగ్గర ఆపితే పోగయ్యే మొత్తం 2,14,74,83,647. ఇలాంటి మొత్తాలు కట్టడంలో, వాటిని పద్యంలో ఇమిడ్చి కంఠస్థం చేయించడంలో మనవాళ్లు ఆరితేరారు. వాటిలో ఏది విభజనకు లొంగుతుంది, ఏది లొంగదు అన్న ప్రశ్న మాత్రం గ్రీకుల వైపు నుంచి వచ్చింది.

క్రీస్తుకు సుమారు మూడు వందల ఏళ్ల ముందు యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ తొమ్మిదో భాగం చివర ఒక సిద్ధాంతం నిరూపించాడు. తనను మినహాయించి మిగిలిన తన భాజకాల మొత్తానికి తానే సమానమయ్యే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. ఆరు అలాంటిది, 1, 2, 3 కలిపితే ఆరు. ఇరవై ఎనిమిదీ అలాంటిదే. 1, 2, 4, 7, 14 కలిపితే అంతే వస్తుంది. యూక్లిడ్ చెప్పినదాన్ని చదరంగపు గళ్ల లెక్కలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది: ఏ గడి దగ్గరైనా ఆగినప్పుడు అప్పటిదాకా పోగైన మొత్తం ప్రధాన సంఖ్య అయితే, దాన్ని ఆ చివరి గడిలోని సంఖ్యతో గుణించండి, పరిపూర్ణ సంఖ్య వస్తుంది. రెండో గడి దగ్గర మూడు ఇంటూ రెండు, ఆరు. మూడో గడి దగ్గర ఏడు ఇంటూ నాలుగు, ఇరవై ఎనిమిది. ఐదో గడి 496 ఇస్తుంది, ఏడో గడి 8,128 ఇస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ ఈ నాలుగింటినీ తన గ్రంథంలో చెప్పి, ఒక్కో అంకెల స్థాయికి ఒక్కో పరిపూర్ణ సంఖ్య ఉంటుందని ఊహించాడు. ఆ ఊహ తప్పు. అయినా దాన్ని శతాబ్దాల పాటు నమ్మారు, ఐదోది ఎక్కడుందో తెలియక ఐదంకెల సంఖ్యల్లో వెతికారు. అసలైన ఐదోది పదమూడో గడిలో ఉంది: 3,35,50,336. పదమూడో శతాబ్దపు అరబ్ గణితజ్ఞుడు ఇబ్న్ ఫల్లూస్ తన జాబితాలో దీన్నీ, దీని తర్వాతి రెండింటినీ సరిగ్గా పేర్కొన్నాడు. ఆ జ్ఞానం యూరప్‌కు వెంటనే చేరలేదు. అక్కడివారు మళ్లీ తమంతట తాము తవ్వుకోవలసి వచ్చింది.

యూరప్‌లో ఆ తవ్వకం పదహారో శతాబ్దంలో ఊపందుకుంది. గడి సంఖ్య ప్రధాన సంఖ్య అయితే మొత్తమూ ప్రధాన సంఖ్యే అవుతుందన్న నమ్మకాన్ని 1536లో రెగియస్ అనే పండితుడు కూల్చాడు. పదకొండో గడి మొత్తం 2,047. అది 23, 89 గుణిస్తే వచ్చేదే. అప్పటి నుంచి ప్రతి గడినీ విడిగా పరీక్షించక తప్పని పరిస్థితి ఏర్పడింది. బొలోన్యాలో గణితం బోధించిన పియెట్రో కటాల్డి ఆ పనికి పూనుకున్నాడు. ముందుగా 750 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక తయారు చేసుకుని, ఒక్కొక్కదానితో భాగిస్తూ పదిహేడో గడి మొత్తం 1,31,071, పంతొమ్మిదో గడి మొత్తం 5,24,287 ప్రధాన సంఖ్యలని తేల్చాడు. 1603లో ప్రచురించిన ఆ ఫలితం చెక్కుచెదరలేదు. అయితే అదే పుస్తకంలో 23, 29, 31, 37 గళ్లు కూడా ప్రధాన సంఖ్యలనే ఇస్తాయని ఆధారం చూపకుండా రాశాడు. మన సంఖ్య ప్రధానత్వం గురించి చరిత్రలో గట్టిగా పలికిన మాటల్లో ఇదొకటి. ఆ నాలుగింటిలో మూడు తప్పయ్యాయి. 1640లో ఫెర్మా 23వ గడి మొత్తాన్ని 47తోనూ, 37వ గడి మొత్తాన్ని 223తోనూ భాగించి పక్కకు తప్పించాడు. సుమారు వందేళ్ల తర్వాత ఆయిలర్ 29ని కొట్టేశాడు. కటాల్డి మాటల్లో నిలబడింది ముప్పై ఒకటి ఒక్కటే.

ఫెర్మా చేసిన మేలు ఆ రెండు భాగహారాలతో ఆగలేదు. p బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, 2కు p ఘాతం వేసి ఒకటి తీసిన సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా p రెట్టింపుకు గుణిజం కన్నా ఒకటి ఎక్కువగా ఉండాలని ఆయన గ్రహించాడు. చేత్తో లెక్క వేసేవారికి ఇది ఎంత భారం తగ్గించిందో కాగితం మీద చేసి చూస్తేనే అర్థమవుతుంది. అదే కాలంలో పారిస్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి యూరప్ పండితులందరికీ ఉత్తరాలు రాస్తూ, ఒకరి ఆలోచన మరొకరికి చేరవేస్తూ ఒంటిచేత్తో ఒక విద్వత్సభ నడిపాడు. 1644లో తన గ్రంథం ముందుమాటలో ఆయన ఒక జాబితా ఇచ్చాడు: 257 లోపు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ఘాతాలకే ప్రధాన సంఖ్యలు వస్తాయని. అందులో 67, 257 తప్పు; 61, 89, 107 విడిచిపోయాయి. ఆ జాబితా పూర్తిగా సరిచూడటానికి 1947 దాకా, అంటే మూడు వందల మూడేళ్లు పట్టింది. అయినా ఈ జాతి సంఖ్యలకు మెర్సెన్ పేరే నిలిచింది. నా దృష్టిలో అది న్యాయమే. తరతరాల పండితులు భుజాన వేసుకున్న ప్రశ్నను అందరి ముందూ పెట్టింది ఆయనే.

ఇక 1772. లియొనార్డ్ ఆయిలర్ అప్పటికి సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. వయసు అరవై అయిదు. ఒక కన్ను ఏనాడో పోయింది. రెండో కంటి శుక్లం శస్త్రచికిత్స వికటించి చూపు దాదాపు పూర్తిగా ఆరిపోయింది. మనసులో లెక్క కట్టి నోటితో చెబుతుంటే కుమారులు, శిష్యులు రాసుకునేవారు. ఆ స్థితిలో ఆయన బెర్లిన్‌లోని యోహాన్ బెర్నూలీకి రాసిన ఉత్తరంలో మన సంఖ్య ప్రధాన సంఖ్యేనని రుజువుతో ప్రకటించాడు. ఆ రుజువు సామాన్య పాఠకుడు కూడా వెంట నడవగలిగినదే. సంఖ్య వర్గమూలం 46,340 దాటి 46,341కి లోపల ఉంది. కాబట్టి అంతకు లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు ఏవీ దీన్ని భాగించవని చూపిస్తే చాలు. కాని అవి సుమారు 4,800 ఉన్నాయి. కటాల్డి పద్ధతిలో అన్నింటితోనూ భాగించుకుంటూ పోవాలి. ఫెర్మా సూత్రం వచ్చాక 62కు గుణిజం కన్నా ఒకటి ఎక్కువైనవాటినే చూస్తే సరిపోతుంది. ఆయిలర్ దానికి మరో జల్లెడ చేర్చాడు: అలాంటి భాజకాన్ని ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటో, ఏడో రావాలి. రెండు నియమాలూ కలిస్తే భాజకం 248కి గుణిజం కన్నా ఒకటి ఎక్కువో, అరవై మూడు ఎక్కువో అయి తీరాలి. అంతటితో భాగహారాలు 372కు మించవు. వాటిలో ప్రధాన సంఖ్యలు కానివి తీసేస్తే ఇంకా తగ్గుతాయి. 311తో మొదలైన ఆ వరసలో ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. ముప్పై ఒకటో గడి ప్రధాన సంఖ్యేనని తేలింది. యూక్లిడ్ సూత్రం ప్రకారం ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య 2305843008139952128 కూడా దానితోపాటే దొరికింది. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ యూక్లిడ్ చెప్పిన రూపంలోనే ఉంటాయని నిరూపించిందీ ఆయిలరే. రెండు వేల ఏళ్ల దూరంలో ఉన్న ఇద్దరు కలిసి పూర్తి చేసిన సిద్ధాంతం అది.

చాలాకాలం దీన్ని దాటినవారు లేరు. పంతొమ్మిదో శతాబ్ది నడుమ దాకా మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే. 1811లో ఇంగ్లండులో సంఖ్యాసిద్ధాంతం మీద పుస్తకం రాసిన పీటర్ బార్లో, ఆయిలర్ కనుగొన్న ఆ పరిపూర్ణ సంఖ్యే ఎప్పటికీ అతి పెద్దదిగా మిగలవచ్చని అభిప్రాయపడ్డాడు. ఇవి కుతూహలం తీర్చేవే గాని ఉపయోగం లేనివి కాబట్టి, అంతకు మించి వెతికే ప్రయాస ఎవరూ పడరని ఆయన ఉద్దేశం. బార్లో సమర్థుడైన గణితజ్ఞుడు. ఆయన పట్టికలను ఇంజనీర్లు తరాల పాటు వాడారు. ఈ విషయంలో మాత్రం రెండు విధాలా పొరబడ్డాడు. ప్రయాస ఆగలేదు, ఉపయోగమూ బయటపడింది.

ప్రయాసను కొత్త దారి పట్టించినవాడు ఫ్రాన్సుకు చెందిన ఎదువార్ ల్యూకా. 1876లో ఆయన భాజకాల వేట విడిచి, సంఖ్య లక్షణాన్ని నేరుగా పరీక్షించే ఉపాయం కనిపెట్టి, చదరంగపు పలకను అరవై నాలుగు గళ్లు దాటి పొడిగించుకుంటే వచ్చే 127వ గడి మొత్తం ప్రధాన సంఖ్య అని చూపించాడు. ముప్పై తొమ్మిది అంకెల ఆ సంఖ్యను మించినదాన్ని చేతి లెక్కతో ఎవరూ సాధించలేదు. 1930లో అమెరికాలో డి. హెచ్. లేమర్ ఆ పరీక్షను సులభమైన రూపానికి తెచ్చాడు. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసేస్తూ, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకుంటే చాలు: 4, 14, 194, 37,634 అంటూ సాగి, సరిగ్గా ఇరవై తొమ్మిదో అడుగున శేషం సున్నా అవుతుంది. ఆయిలర్ వందల భాగహారాలతో తేల్చినది ఇరవై తొమ్మిది వర్గాల్లో ముగిసిపోయింది. ల్యూకా, లేమర్‌ల మధ్యకాలంలోనే ఉరల్ ప్రాంతపు పల్లెలో చర్చి పూజారిగా ఉన్న పెర్వుషిన్ 1883లో 61వ గడిని గెలిచాడు. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అమెరికా గణిత సభలో నల్లబల్ల మీద మౌనంగా గుణకారం చేసి, 67వ గడి 193707721, 761838257287ల లబ్ధమని చూపించాడు. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్య ప్రధానత్వాన్నైనా, అంకెల సంఖ్యకు బహుపది మేరకే పెరిగే కాలంలో, సందేహానికి తావులేకుండా తేల్చే పద్ధతి కనుక్కున్నారు. పింగళుని దేశం ఈ చరిత్రలోకి సగర్వంగా తిరిగొచ్చిన ఘట్టం అది.

ఈ సంఖ్య వంశవృక్షంలో ఒక అందం ఉంది. దాని ఘాతం 31 కూడా మెర్సెన్ జాతిదే, ఐదో గడి మొత్తం. 2,14,74,83,647నే ఘాతంగా పెట్టి మరో మెట్టు ఎక్కితే ప్రధాన సంఖ్య వస్తుందా అని చాలామంది ఆశపడ్డారు. అరవై నాలుగు కోట్లకు పైగా అంకెలున్న ఆ మహాసంఖ్యను 295257526626031 నిశ్శేషంగా భాగిస్తుందని కంప్యూటర్లు తేల్చాయి. ఆ భాజకం కూడా ఫెర్మా చెప్పిన రూపంలోనే ఉంది. మన సంఖ్యను 1,37,490తో గుణించి ఒకటి కలిపితే అదే వస్తుంది.

ఉపయోగం సంగతి కంప్యూటర్ల తరం తేల్చింది. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ముప్పై రెండు బిట్ల పదాన్ని ప్రమాణంగా స్థిరపరిచింది. అందులో ఒక బిట్ ధన రుణ గుర్తుకు పోతే మిగిలేవి ముప్పై ఒకటి. అలాంటి పదం పట్టగల అతి పెద్ద పూర్ణసంఖ్య 2,14,74,83,647. ఇంజనీర్లు ఆయిలర్‌ను చదివి ఎంచుకున్నది కాదిది, యంత్రం కొలతల వల్ల కలిసొచ్చింది. ఆ అదృష్టం విలువ అరవై నాలుగు బిట్ల యంత్రాలతో పోలిస్తే తెలుస్తుంది: వాటి పరిమితి 2⁶³ – 1, అది ఏడుతో భాగింపబడుతుంది.

ఆ ప్రధానత్వాన్ని వెంటనే పనికి పెట్టారు. యాదృచ్ఛిక సంఖ్యల అవసరం వాతావరణ నమూనాల్లో, ఆటల్లో, పరిశ్రమల అనుకరణ లెక్కల్లో తరచూ వస్తుంది. 1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ ఒక పద్ధతి ప్రతిపాదించారు. సున్నాకు పైన, 2,14,74,83,647కు లోపల ఉన్న ఏదైనా పూర్ణసంఖ్య తీసుకోవాలి, ఏడుకు ఐదో ఘాతమైన 16,807తో గుణించాలి, 2,14,74,83,647తో భాగించి శేషం ఉంచుకోవాలి; మళ్లీ అదే పని. భాజకం ప్రధాన సంఖ్య కావడం వల్లా, గుణకాన్ని తగినదిగా ఎంచుకోవడం వల్లా ఈ వరస ఒక్క సంఖ్యనూ విడవకుండా, ఒక్కదాన్నీ రెండోసారి తాకకుండా మొత్తం 2,14,74,83,646 మెట్లు తిరిగాకే మొదటికొస్తుంది. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా సిఫారసు చేశారు. ఒకటితో మొదలుపెడితే పదివేల అడుగుల తర్వాత 1,04,36,18,065 రావాలని, రాకపోతే ప్రోగ్రాములో తప్పున్నట్టేనని పరీక్ష కూడా ఇచ్చారు. 2011 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో ఆ పద్ధతికీ ఆ పరీక్షకూ చోటు దక్కింది. కొత్తతరం గూఢలేఖన శాస్త్రమూ దీన్నే ఆశ్రయించింది. ఒక భారీ లెక్క సరిగ్గా జరిగిందా లేదా అన్నది ఆ లెక్క తిరిగి చేయకుండానే తనిఖీ చేసే నిరూపణ పద్ధతుల్లో, 2024లో వెలువడిన సర్కిల్ స్టార్క్ పరిశోధన ఈ సంఖ్య మీదే నిలబడింది. ఈ సంఖ్యను భాజకంగా పెట్టుకున్న అంకగణితంలో వృత్త సమీకరణానికి సరిగ్గా 2³¹ బిందువులు ఉంటాయి. అన్నిసార్లు సగం చేసుకుంటూ పోగల ఆ గుణమే అక్కడ కావలసింది.

పరిమితిగా మాత్రం ఈ సంఖ్య చిక్కులూ తెచ్చింది. లెక్క దానికి చేరి ఇంకొకటి కలిసిందంటే, పాత యంత్రం గుర్తు మారిపోయి రుణ 2,14,74,83,648కి పడిపోతుంది. 2014 డిసెంబరులో గంగ్నమ్ స్టైల్ వీడియో వీక్షణలు ఈ హద్దు దాటడంతో యూట్యూబ్ లెక్కింపును అరవై నాలుగు బిట్లకు మార్చినట్టు గూగుల్ ప్రకటించింది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, బోయింగ్ 787 విమానాల్లో విద్యుత్తు 248 రోజులు ఆపకుండా నడిస్తే జనరేటర్ల నియంత్రణ వ్యవస్థలు ఆగిపోవచ్చని హెచ్చరించింది. కారణం వాటిలోని ఒక లెక్కింపు నిండిపోవడం. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కిస్తే మన సంఖ్య నిండటానికి పట్టేది 248 రోజులకు కొంచెం పైనే.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ముందుంది. యునిక్స్ సంప్రదాయంలోని కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లతో కాలాన్ని కొలుస్తాయి. ముప్పై రెండు బిట్ల గడియారాల్లో ఆ లెక్క 2,14,74,83,647కు చేరేది 2038 జనవరి 19, మంగళవారం, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. మార్చని యంత్రం ఆ తర్వాతి సెకనులో 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. లినక్స్ వంటి వ్యవస్థలు సరిదిద్దే పని చాలావరకు చేశాయి. ముప్పై రెండు బిట్ల లినక్స్‌కు 2020లో విడుదలైన 5.6 కెర్నల్ ఆ దారి తెరిచింది. అయినా ఒకసారి అమర్చి మరిచిపోయిన మీటర్లలో, నియంత్రణ పరికరాల్లో, పాత డేటాబేసుల్లో ఆ గడియారాలు ఇంకా నడుస్తూ ఉండవచ్చు. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా ఇలాంటి వ్యవస్థలను సాకుతున్నవారిలో తెలుగువారు ఎంతోమంది ఉన్నారు. మీ చేతుల్లో ఉన్న ప్రోగ్రాముల్లో కాలాన్ని ఎన్ని బిట్లలో దాస్తున్నారో ఈ ఏడాదే సరిచూసుకోండి.